డ్రా తీసే చెయ్యి

మొన్న హిందూపురంలో ఒక బట్టల అంగడి ముందు జనం గుమిగూడి ఉంటే నేనూ ఆగాను. ఏదో పండగ ఆఫరు. బట్టలు కొన్నవాళ్ళకు కూపను, కూపన్లలో ఒకరికి మోటారు సైకిలు. కంప్యూటరు తెర మీద నంబర్లు గిర్రున తిరుగుతున్నాయి. మైకు పట్టుకున్నాయన ఒకావిడ చేత మీట నొక్కించాడు. నంబరు ఆగింది, అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన నిలబడ్డ ముసలాయన మాత్రం చేతులు కట్టుకునే ఉన్నాడు.

"దీన్ని ఎవరు నమ్మల్లప్పా? లోపల ఏం పెట్టినారో ఏమో. ధర్మవరం చేతి పెద్దాయన తీస్తాంటే చూడల్ల డ్రా అంటే" అన్నాడు. నేను ఆయన వైపు తిరిగేసరికి, "పోయిన నెల ఆయన పోయినాడంట, తెల్సునా?" అన్నాడు.

నాకు తెలియదు. నాకు చెప్పేవాళ్ళు ఎవరున్నారు గనక! అంగడి మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను. సొంత మనిషి పోయినట్టే అనిపించింది. తీరా చూస్తే ఆయన ఎక్కడ పుట్టాడో, ఏం చదివాడో, పిల్లలు ఎందుకు లేరో నాకు ఏమీ తెలియదు. నాకు తెలిసిందల్లా ఆయన చెయ్యి.

ఆయన ధర్మవరంలో పట్టుకు రంగులు వేసే మేస్త్రీ. కాగుతున్న రంగునీళ్ళ బానలో పట్టుదారం చుట్టలు, అదే చిలపలు, ముంచి తిప్పడం పని. కట్టెతో తిప్పితే రంగు సమంగా పట్టదని చేత్తోనే తిప్పేవాడు. చిన్నప్పటి నుంచీ ఆ వేడినీళ్ళలో, ఆ ఆసిడ్లలో నాని నాని ఆయన వేళ్ళకు స్పర్శ పోయింది. అరచేతులు చెప్పు అట్టల్లా ఉండేవి. గోళ్ళు ఒక వారం ఎరుపు, ఒక వారం నెమలికంఠం రంగు. టీ అంగట్లో అందరూ గ్లాసు అంచు పట్టుకుని ఊదుకుంటుంటే ఆయన గ్లాసును పిడికిట్లో బిగించి కూర్చునేవాడు. బ్యాంకుకు వస్తే నోట్లు విడదీయలేడు, రెండు అతుక్కుని వచ్చినా తెలిసేది కాదు. చొక్కా గుండీలు పెట్టుకోలేడు, పొద్దున్నే భార్య పెట్టి పంపేది. పట్టు మంచిదో కాదో చూడాలంటే చిలప తీసి చెంపకు రాసుకునేవాడు.

ఆ చెయ్యే ఆయనకు పేరు తెచ్చింది. తొంభైల్లో మా వైపు ఏ ఊళ్ళో చూసినా లక్కీ స్కీములే. గ్రైండరు స్కీము, చీరల స్కీము, ఇంటి సైట్ల స్కీము. నెలనెలా కంతు కట్టాలి, నెలకొకసారి బిందెలో నంబర్లు కొట్టిన ఇత్తడి బిళ్ళలు వేసి డ్రా తీస్తారు. వచ్చినవాడు వస్తువు తీసుకుని పోతాడు, ఇక కంతు కట్టక్కర్లేదు. రానివాళ్ళకు గడువు తీరాక అసలు తిరిగిస్తారు. మరి డ్రా తీసే మనిషి మంచివాడని ఏమిటి నమ్మకం? ఒకచోట రావాల్సిన బిళ్ళను ఐసులో పెట్టి తెచ్చారని, చల్లగా తగిలిన బిళ్ళను పట్టి తీశారని గొడవైంది. ఇంకోచోట అంచుకు ఆకురాయితో గంటు పెట్టారన్నారు. వేళ్ళలో ప్రాణం ఉన్నవాడెవడైనా ఆ మోసం చేయగలడు. ఈయన చేయలేడు. అందుకని ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడు ఊళ్ళ స్కీముల వాళ్ళూ ఈయన కోసమే వచ్చేవాళ్ళు. రాకపోకల ఖర్చు, ఒక పూట భోజనం, అంతకు మించి పైసా ముట్టుకునేవాడు కాదు.

అప్పట్లో నేను ధర్మవరంలో ఒక బ్యాంకులో గుమస్తాని. మా ఆవిడ హిందూపురంలో పుట్టింట్లో ఉండి టీచరు ఉద్యోగం చేసుకునేది. ఆదివారం పొద్దున్నే పాసింజరెక్కి అక్కడికి పోయేవాణ్ణి. ఆయన డ్రా తీయడం నేను మొదట చూసింది హిందూపురంలోనే, చింతపండు మండీ వెనక షెడ్డులో. మా అత్తగారు గ్రైండరు స్కీము కట్టి, తోడు రమ్మని నన్ను లాక్కెళ్ళింది.

ఆయన చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు. చెంబుతో నీళ్ళు తెప్పించుకుని కడుక్కున్నాడు. అరచెయ్యి తెరిచి నాలుగు వైపులా చూపించాడు. తర్వాత మొహం పైకెత్తి, రేకుల కప్పు చూస్తూ, బిందెలో చెయ్యి పెట్టి కలియబెట్టి బయటికి తీశాడు. తీసి, కిందికి చూడకుండానే "చిక్కిందా?" అని అడిగాడు. నేను పరాచికమనుకున్నాను. కాదు, చేతిలో బిళ్ళ ఉందో లేదో ఆయనకు నిజంగానే తెలియదు. ఒక్కోసారి ఖాళీ పిడికిలి వచ్చేది, జనం గొల్లున నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వి మళ్ళీ పెట్టేవాడు. రెండు వస్తే రెండూ లోపలికే. నంబరు తాను చదవడు. గుంపులో పెద్ద వయసు ఆడమనిషిని పిలిచి చదివించేవాడు.

మా అత్తకు గ్రైండరు రాలేదు. అయినా పోతూ పోతూ ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గ్రైండరు రాకపోగా ఈ మొక్కడం ఎందుకని అడిగాను.

"వచ్చినోళ్ళకు తెలిసి ఇయ్యలేదు, రానోళ్ళకు తెలిసి ఎగ్గొట్టలేదు. ఇంతకంటే ఏం కావల్ల నాయనా?" అంది ఆవిడ.

డ్రాలకు ఆయనా ఆదివారం అదే పాసింజరెక్కేవాడు, తర్వాత రైల్లో ఆయన పక్కన కూర్చోవడం అలవాటైంది. వడ్డీ లెక్కల్లో బతికేవాణ్ణి కదా, ఊరుకోలేక ఒకరోజు మొదలుపెట్టాను.

"పెద్దాయనా, ఈ స్కీముల్లో ఎవరికేం మిగులుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? రెండు వందల మంది కడతారు. నెలకొకరి చొప్పున ఇరవై నెలల్లో ఇరవై మందికి వస్తుంది. అంటే పదిమందిలో తొమ్మిది మందికి ఎన్నటికీ రాదు. అసలు తిరిగొచ్చింది కాబట్టి నష్టం లేదనుకుంటారు. అదే డబ్బు మా దగ్గర నెలనెలా వేసుకుని ఉంటే వడ్డీ వచ్చేది. ఆ వడ్డీ ఎక్కడికి పోయినట్టు? కొంత ఆ గెలిచినవాడికి, మిగతాదంతా స్కీము నడిపేవాడి జేబులోకి. వీళ్ళు జూదమాడేది తమ వడ్డీతో."

ఆయన తన రంగు చేతుల వైపు చూసుకున్నాడు.

"అంటే అంతమంది వడ్డీ నా చేత్తో ఎత్తి ఒకనికి పెడతాండా అంటావు."

"అంతే."

"నీ లెక్క నిజమే అయ్యుంటాది సార్. అయితే మగ్గానికి దారం కండెలు చుట్టే ఆడది నీ వడ్డీతో ఏం కొంటాది, చెప్పు? అది కూరాకుకే పోతాది. ఈడ అట్లగాదే. నెలకొకసారి, ఈ తూరి నాకొస్తాదేమో అని తల దువ్వుకొని, ఉన్నంతలో మంచి కోక కట్టుకొని వస్తాది. నీ బ్యాంకుకు అట్ల ఎవరన్నా వస్తారా?"

ఆ ఆశను చూపించే కదా వాళ్ళ దగ్గర వడ్డీ గుంజుతున్నారు, నా గొడవంతా అదే అన్నాను. ఆయన నవ్వి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నా లెక్కే సరైనదని ఇప్పటికీ అంటాను. అయినా ఆయన చెప్పిన ఆ కండెలు చుట్టే ఆడది ఎవరో నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

ఆయన భార్యే కండెలు చుట్టేది. రంగుల కొట్టం పక్కన ఒక గది, అదే వాళ్ళ ఇల్లు. కొట్టంలోంచి వదిలిన రంగునీళ్ళు వాళ్ళ గడప ముందు నుంచే పారేవి. నేను ఒకసారి ఏదో సంతకం కోసం వెళ్తే ఆమె వాకిట్లో ముగ్గు వేస్తోంది. వేస్తుండగానే ఎర్రనీళ్ళు వచ్చి సగం ముగ్గు కొట్టుకుపోయాయి. చీపురు తెచ్చి మిగతా సగం కూడా ఆమే ఊడ్చేసింది.

"పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఇంతేనప్పా. ఒక్క దినమన్నా మాపటి దాకా ముగ్గు నిలబడింది లేదు. మాకంటూ ఇంత సైటు ఉంటే, గుడిసైనా ఏసుకొని ఉందుము" అంది. ఆమె అడిగింది ఈ లోకంలో అదొక్కటే.

పెనుకొండలో సైట్ల స్కీము పెట్టారు. అందులో నెలకొకరికి ఇంటి సైటు, వెంటనే రిజిస్ట్రేషను. డ్రా తీసేది ఈయనే. అది మొదలై కొన్ని నెలలైన తర్వాత ఒక ఆదివారం ధర్మవరం స్టేషన్లో ఆయన పక్కన ఆమె కూడా ఉంది. తలకు నూనె పెట్టి దువ్వుకుని, ఎప్పటిదో పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని ఉంది. ఏ డ్రాకూ ఆమె రావడం నేను చూడలేదు. రైల్లో ఆమె కిటికీ దగ్గర కూర్చుంటే ఆయన నన్ను రెండు బెంచీల అవతలికి తీసుకుపోయాడు.

"మా ఆడది కూడా ఈ స్కీము కట్టిందంట సార్. పుట్టింటి పేరు పెట్టి, గాండ్లపెంట అని ఊరు రాయించింది. రైలెక్కేటప్పుడు చెప్పింది ఈ పాడు మాట."

"మీకు ముందు తెలీదా?"

"తెలిసింటే కట్టనిస్తునా? డ్రా తీసేవాని ఇంట్లో వాళ్ళు కట్టొచ్చునా?" అని, గొంతు తగ్గించి, "నువ్వు లెక్కలు తెలిసినోనివి. ఈ పొద్దు ఆమె బిళ్ళే నా చేతికి రావల్లంటే ఎంత అవకాశం ఉంటాది?" అన్నాడు.

బిందెలో ఇంకా నూట తొంభై బిళ్ళలకు పైనే ఉంటాయి. నూటికి ఒక పాలు కూడా లేదు, రాదులే పెద్దాయనా అన్నాను.

"రాదంటావు."

"రాదు."

"అట్లయితే స్కీమోళ్ళకు చెప్పే పని లేదు. చెప్తే పదిమందిలో ఆమెకు నగుబాటు. వచ్చే నెల నుంచి ఏదో ఒకటి చెప్పి ఈ స్కీముకు రావడం మానుకుంటా. నువ్వు కూడా పెనుకొండలో దిగు సార్, తోడుంటావు."

లెక్క తప్పు కాదు. ఆమెది వచ్చే అవకాశం ఎంతో, మిగతా ప్రతి ఒక్కరిదీ అంతే. అంత చిన్న అవకాశం ఉన్నవాళ్ళలోనే ఎవరో ఒకరిది ప్రతి నెలా వస్తూనే ఉంది, దాన్ని తీస్తున్నదీ ఆయనే. కానీ తన మనిషి బిళ్ళ లోపల ఉండగా బిందె దగ్గర నిలబడడం ఆయనకు అదే మొదటిసారి.

బస్టాండు వెనక కల్యాణమంటపం. చొక్కా చెయ్యి మడవడం, కడుక్కోవడం, నాలుగు వైపులా చూపించడం అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. "చిక్కిందా?" అన్నాడు. చిక్కింది. రిటైరైన ఒక టీచరమ్మ నంబరు చదివి, పుస్తకంలో చూసి ఒక ఆడమనిషి పేరు చెప్పి, "గాండ్లపెంట" అంది.

"నాదే! నాదే!" అని కేక. ఆడవాళ్ళ మధ్యలోంచి ఆమె రసీదు చేత్తో ఎత్తిపట్టుకుని వస్తోంది. అంత సంతోషం నేను ఏ మొహంలోనూ చూడలేదు. ఆమెకు జనం కనిపించడం లేదు. నేరుగా వచ్చి ఆయన ముందు నిలబడి, "చూస్తివా!" అంది.

ముందు వరుసలో ఒకాయన లేచాడు. "ఈమె నీకేమైతాదప్పా?"

"నా పెండ్లాము."

"ఆమె కట్టినట్టు నీకు తెలుసునా?"

తెలీదు అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట అనమని లోపల్లోపల నేను ఎంత మొక్కుకున్నానో! ఆయన మొహం దించలేదు.

"తెలుసు. ఈ పొద్దే తెలిసింది."

ఇక చూడాలి ఆ గోల. బిళ్ళకు గుర్తు పెట్టుకున్నారన్నారు. ఇన్నేళ్ళూ చెయ్యి మొద్దుబారిందని నాటకమాడాడన్నారు. ఒకడు అగ్గిపుల్ల గీసి ఆయన వేలి కొసకు పెట్టాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చర్మం కాలిన వాసన నాకు తగిలింది. నేను వాణ్ణి తోసేసి, కాలినా కదల్లేదు చూడండ్రా అని అరిచాను. "ఓర్చుకుంటాండాడు, దొంగలకు ఓర్పు ఎక్కువ" అన్నాడు వెనక నుంచి ఇంకొకడు. నిన్నటిదాకా ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నవాళ్ళే వీళ్ళంతా.

ఆయన టీచరమ్మ చేతిలోంచి బిళ్ళ అడిగి తీసుకున్నాడు. అది చేతిలో ఉందో లేదో తెలియదు కాబట్టి దాని మీదే చూపు పెట్టి, జాగ్రత్తగా బిందెలోకి వదిలాడు. ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దు. వాళ్ళు ఇయ్యకపోతే పోనీ. నువ్వెందుకు ఏస్తావు? నువ్వెందుకు ఏస్తావప్పా?"

ఆయన చెయ్యి విడిపించుకుని, కలియబెట్టి, మళ్ళీ తీశాడు. ఈసారి సిమెంటు అంగడాయన పేరు వచ్చింది. చప్పట్లు కొట్టారు. ఆమె రసీదు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

ఆ బిళ్ళ వెనక్కి వేయడం తప్పని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మొదట వచ్చిందే డ్రా. చూడకుండా తీశాడు, తెలియకుండా తీశాడు, అది ఆమెకు న్యాయంగా వచ్చింది. వెనక్కి వేస్తే మచ్చ పోతుందనుకున్నాడు పిచ్చి మనిషి. జరిగింది వేరు. దొంగతనం బయటపడేసరికి వెనక్కి వేశాడని మూడు ఊళ్ళూ చెప్పుకున్నాయి. ముందుగా చెప్పి డ్రాకు దూరంగా ఉండాల్సినవాడు ఉండలేదు, పట్టుకుని నిలబడాల్సిన చోట వదిలేశాడు.

తిరుగు రైల్లో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన చొక్కా గుండీలు రెండు విడిపోయి ఉన్నాయి. పెట్టుకోబోయి పెట్టుకోలేక అలాగే వదిలేశాడు. ఆమె చూసింది, చూసి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

తర్వాత ఆయన్ను ఏ స్కీముకూ పిలవలేదు. ఏడాది తిరక్కముందే పెనుకొండ స్కీము ఆఫీసుకు తాళం పడింది, నడిపిన మనిషి ఏమయ్యాడో తెలియదు. అప్పటికే డ్రా వచ్చినవాళ్ళకు సైట్లు దక్కాయి. మిగతా అందరికీ వడ్డీ సంగతి దేవుడెరుగు, అసలే పోయింది. ఆమె కట్టిన కంతులూ అందులోనే పోయాయి. కొందరు ధర్మవరం వచ్చి ఆయన గడప ముందు నిలబడి, నీ చేతిని చూసే కట్టినాం, నువ్వే తెచ్చియ్యి అని తిట్టిపోయారు. ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఎవరి మీద వచ్చిందో కూడా చెప్పలేను. ఆ తర్వాత నాకు బదిలీ అయింది.

మళ్ళీ ఆయన్ను చూసింది ఇన్నేళ్ళకు, పోయిన ఏడాది. బంధువుల పెళ్ళికి చీరలు కొనడానికి ధర్మవరం వెళ్ళి, ఆగలేక కొట్టం వైపు నడిచాను. రంగులు ఇప్పుడు మిషన్లు వేస్తున్నాయి. గది మాత్రం అదే, గడప ముందు నీళ్ళూ అవే. ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె పోయి ఆర్నెల్లయిందన్నాడు. కొట్టం పొగకు ఊపిరితిత్తులు చెడిపోయాయట. నేను పక్కన కూర్చున్నాను. ఓదార్చడం నాకు చేతకాదు.

"ఇదే గదిలో ఉండింటిమి సార్ ఇన్నేండ్లూ. వండి పెట్టేది, కూడు తినేదానికి పిలిచేది. మాట మాత్రం అంతే. పెనుకొండ మాట ఎత్తింది లేదు. ఆఖరి దినాల్లో ఒకనాడు దగ్గరికి పిలిచి అడిగింది. 'ఆ పొద్దు నా బిళ్ళ నీ చేతికి తెలిసిందా?' అని."

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"నాకు ఏమీ తెలీలేదు సార్, దేవుని తోడు. అన్ని బిళ్ళల మాదిరే అదీ. ఆ మాటే చెప్తే ఏమైతాది? న్యాయంగా వచ్చిన ఇంటిని నా చేతులారా నేనే పారేసినట్టు. ఊపిరాడక కొట్టుకుంటాండే మనిషికి అది ఎట్ల చెప్పేది?"

"ఏం చెప్పారు మరి?"

"తెలిసిందే అని చెప్పినా. నీదని తెలిసే పట్టుకున్నా, నీకోసరమే దొంగతనం చేసినా, జనం అరిచేసరికి బయపడి ఇడిచిపెట్టినా అని చెప్పినా."

ఆయన జీవితంలో ఆడిన అబద్ధం అదొక్కటే అయ్యుంటుంది. ఆమె నమ్మిందా అని అడిగాను.

"నమ్మింది సార్. నా మొగం చూసి నగింది. 'అట్లనా! ముందే చెప్పింటే ఇన్నేండ్లు నీ మీద కోపం పెట్టుకొని ఉందునా?' అనింది."